కట్ దాటితేనే కూలి

2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్ మహిళల గోల్ఫ్ ముగిసింది. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగు రోజుల్లో 67, 66, 68, 68 ఆడింది. మొత్తం 269 స్ట్రోకులు. కాంస్యం తీసుకున్న న్యూజిలాండ్ క్రీడాకారిణి లిడియా కో స్కోరు 268. స్వర్ణం గెలిచిన అమెరికా అమ్మాయి నెల్లీ కోర్డాది 267. 72 హోల్స్ ఆడాక ఒకే ఒక్క స్ట్రోకు తేడాతో మనకు పతకం చేజారింది. అప్పటికి అదితి ప్రపంచ ర్యాంకు 200. ఆ వారం ఆమె బ్యాగు మోసింది వాళ్లమ్మ. అయిదేళ్ల ముందు రియోలో మోసింది నాన్న.

ఆ శనివారం పొద్దున తెలుగు ఇళ్లలోనూ టీవీల ముందు కూర్చుని, అప్పటికప్పుడు బర్డీ అంటే ఏమిటో, పార్ అంటే ఏమిటో నేర్చుకున్నవాళ్లు చాలామంది. ఆ తర్వాత బెంగళూరులో మా మహదేవపుర వైపు అపార్ట్‌మెంట్లలో పిల్లల్ని గోల్ఫ్ కోచింగ్‌కి పంపడం పెరిగింది. హూడి, గరుడాచార్‌పాళ్య, కుందలహళ్లి, బ్రూక్‌ఫీల్డ్ ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలే. పదో తరగతి వరకూ అంతా బాగానే ఉంటుంది. పిల్లవాడు "నేను ప్రొఫెషనల్ అవుతా" అన్న రోజు నుంచే ఇంట్లో అసలు ప్రశ్న మొదలవుతుంది. ఒక తల్లి నన్ను సూటిగా అడిగింది: "ఎన్నాళ్లు పంపాలండీ? ఎంత పెట్టాలి?" ఆవిడ అడిగింది ప్రతిభ గురించి కాదు, కాలం గురించి, డబ్బు గురించి. గోల్ఫ్‌లో ఈ రెండిటికీ చాలావరకు లెక్క కట్టవచ్చు. కట్టి చూడాలి కూడా.

ముందు దూరాల సంగతి. మహదేవపుర నుంచి దొమ్మలూరు దగ్గరున్న కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సుకు పది పన్నెండు కిలోమీటర్లు. తెల్లారక ముందు బయల్దేరితే అరగంటలో చేరవచ్చు. తొమ్మిదింటికి తిరిగి రావాలంటే మారతహళ్లి దగ్గర ఎంతసేపు నిలబడాలో ఎవరూ ముందే చెప్పలేరు. ఆ కోర్సులో మొదలైన పిల్లల్లో అదితి ఒకరు. అయిదారేళ్ల వయసులో అమ్మానాన్నలతో అక్కడి ప్రాక్టీసు రేంజ్ పక్కన టిఫిన్ తింటూ, అవతల జనం బంతులు కొట్టడం చూసి తనూ కొడతానందని వాళ్ల కుటుంబం చాలాసార్లు చెప్పింది. 2008 మే వరకూ విమానాశ్రయం కూడా ఆ దగ్గర్లోనే, హెచ్ఏఎల్‌లోనే ఉండేది. ఇప్పుడు టోర్నీకి బయల్దేరిన కుర్రాడు బ్యాగు వేసుకుని దేవనహళ్లి దాకా పోవాలి.

ఆ బ్యాగు గురించి కాస్త చెప్పాలి. నిబంధనల ప్రకారం అందులో 14 క్లబ్బులకు మించి ఉండకూడదు. అవి కాక బంతులు, గ్లోవ్స్, రెండు జతల బూట్లు, గొడుగు, రెయిన్ సూట్. వీటన్నిటినీ గట్టి కవరులో పెట్టి జిప్పు లాగితే మామూలుగానే 15 కిలోలు దాటిపోతుంది. దేశంలో చాలా విమానాల్లో ఎకానమీ టికెట్టుకు ఉచితంగా ఇచ్చే చెక్-ఇన్ బరువే 15 కిలోలు. కాబట్టి బట్టలన్నీ భుజానికి తగిలించుకునే బ్యాగులోకి పోతాయి. కౌంటర్ దగ్గర తూకం చూసి బూట్లు బయటికి తీసి చేత్తో పట్టుకున్న కుర్రాళ్లు కనిపిస్తూనే ఉంటారు. క్లబ్బులు వేరే ఊరికి వెళ్లిపోతే ఆ వారం ఆట పోయినట్టే. అరువు క్లబ్బులతో రాణించేవాళ్లు తక్కువ.

ఇక టూరు. ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా 2006లో మొదలైంది. అందరూ పీజీటీఐ అంటారు. ఇందులో ఆడాలంటే క్వాలిఫయింగ్ స్కూల్ అనే వడపోత దాటి కార్డు తెచ్చుకోవాలి. పేరుకు స్కూలే గానీ అక్కడ పాఠాలుండవు, వరుసగా రోజుల తరబడి పరీక్షే. ప్రొఫెషనల్‌గా మారక ముందు అమెచ్యూర్‌గా ఉన్నన్నాళ్లూ డబ్బు ఆశించడానికి లేదు. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం అమెచ్యూర్ తీసుకోగల బహుమతి విలువ 1,000 డాలర్లు దాటకూడదు. అంటే ప్రొఫెషనల్ అయ్యేదాకా పెట్టినదంతా పెట్టుబడే.

"మావాడి హ్యాండిక్యాప్ జీరో అండీ" అని తల్లిదండ్రులు సంతోషంగా చెప్తారు. సంతోషించదగ్గ సంగతే. జీరో అంటే కోర్సు అడిగినన్ని స్ట్రోకుల్లో, అంటే దాదాపు పార్‌లో, ఆడగల సత్తా. కానీ పెద్ద టూర్లలో ఆడేవాళ్లు ప్లస్ 4, ప్లస్ 5 స్థాయిలో ఉంటారు. రోజుకు నాలుగైదు స్ట్రోకులు తక్కువ. నాలుగు రోజులకు అది పదహారు నుంచి ఇరవై స్ట్రోకుల తేడా. ఆ దూరం తగ్గించుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఖర్చు ఆగదు.

పీజీటీఐ టోర్నీల్లో తరచూ కనిపించే మొత్తం బహుమతి 1 కోటి రూపాయలు. విజేతకు 15 లక్షలు. బరిలో సుమారు 120 మంది ఉంటారు. రెండు రోజులు, 36 హోల్స్ అయ్యాక మొదటి 50 స్థానాల్లో ఉన్నవాళ్లు, 50వ స్థానంలో సమానంగా నిలిచినవాళ్లు మాత్రమే మిగతా రెండు రోజులు ఆడతారు. దీన్నే కట్ అంటారు. కట్ దాటనివాళ్లకు ఒక్క రూపాయి రాదు. అంటే దాదాపు 70 మంది రెండో రోజు సాయంత్రం ఖాళీ చేతులతో ఇంటిదారి పడతారు.

విజేత వాటా తీసేస్తే మిగిలేది 85 లక్షలు. దాన్ని 49 మందికి సమానంగా పంచితే తలా 1.73 లక్షలు. కానీ సమానంగా పంచరు. రెండు, మూడు స్థానాలకు పెద్ద వాటాలు పోయి, కిందికి వచ్చేసరికి ఆ సగటుకు చాలా తక్కువ అందుతుంది. కాబట్టి ఈ సగటు చూసి మురిసిపోకూడదు.

ఇప్పుడు ఖర్చు. ఇది నా అంచనా. ఊరును బట్టి, సీజన్‌ను బట్టి మారుతుంది. బెంగళూరు నుంచి ఉత్తరాది ఊరికి రానూపోనూ విమానం 12,000. గది ఇద్దరు పంచుకుంటే ఆరు రాత్రులకు ఒక్కొక్కరికి 9,000. బ్యాగు మోసే కేడీకి 10,000. తిండి, క్యాబ్‌లు 9,000. ఎంట్రీ, ప్రాక్టీసు, బంతులు, గ్లోవ్స్ కలిపి 10,000. వారానికి 50,000. ఏడాదికి 20 టోర్నీలు ఆడితే 10 లక్షలు. ఇంటి దగ్గర కోచ్, జిమ్, కోర్సు ఫీజులు, క్లబ్బుల మార్పు కలిపి నెలకు 40,000 అనుకుంటే ఏడాదికి 4.8 లక్షలు. మొత్తం 14.8 లక్షలు.

ఒక టోర్నీ గెలిస్తే వచ్చే చెక్కు 15 లక్షలు. ఏడాది ఖర్చు దాదాపు అంతే. కేడీలకు మామూలుగా చెప్పుకునే లెక్క ఒకటుంది: వారం కూలి కాక కట్ దాటితే 5 శాతం, మొదటి పది స్థానాల్లో నిలిస్తే 7, గెలిస్తే 10 శాతం. ఆ లెక్కన విజేత చేతిలో మిగిలేది 13.5 లక్షలు, అదీ పన్నుకు ముందు. దేశంలో ఒక టోర్నీ గెలిచినవాడికి కూడా ఆ ఏడాది ఇంటి నుంచి కొంత పడుతుందన్నమాట. వారానికి గెలిచేది ఒక్కరే.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది వేరే ఉంది. టూరులో సరిగ్గా మధ్యస్థంగా ఆడే కుర్రాణ్ని తీసుకోండి. 120 మందిలో 50 మంది కట్ దాటుతారు గనక వాడికి ఏ వారమైనా కట్ తప్పే అవకాశం 58 శాతం. ఒక వారానికీ మరో వారానికీ సంబంధం లేదనుకుని 20 టోర్నీల సీజన్‌కు లెక్క వేస్తే, ఎక్కడో ఒకచోట వరుసగా నాలుగు కట్‌లు తప్పే అవకాశం 68 శాతం వస్తుంది. మూడింట రెండు వంతులు! ఆట ఏమీ పాడవకుండానే, ఫామ్ ఏమీ పోకుండానే, ఊరికే లెక్క ప్రకారం జరిగేది ఇది. నాలుగు వారాలంటే 2 లక్షలు పోయి, తిరిగి సున్నా.

సరిగ్గా ఇక్కడే ఇళ్లలో మాటలు మొదలవుతాయి. కోచ్‌ను మార్చేద్దామంటారు. స్వింగ్ మార్చేద్దామంటారు. "ఎంబీఏలో చేరిపోరా" అని మేనమామ ఫోన్ చేస్తాడు. నాలుగు వారాల ఫలితం చూసి నాలుగేళ్ల శ్రమను తూచడం అన్యాయం. వాడి రౌండ్ సగటు చూడండి. ఆర్నెల్ల కిందట 73 ఉన్నది ఇప్పుడు 72 అయితే, కట్‌లు తప్పుతున్నా వాడు ముందుకే పోతున్నట్టు. సగటు కదలకుండా రెండేళ్లు గడిస్తే అప్పుడు కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ సంగతి పద్దెనిమిదేళ్లవాడికి కూడా ముందే చెప్పి ఉంచాలి. డబ్బు ఎప్పుడు ఆగిపోతుందో తెలియకుండా ఆడే కుర్రాడు హోల్‌లోకి దొర్లించే ప్రతి పుట్‌నీ భయంతోనే కొడతాడు.

కట్ దగ్గర ఇంకో చిన్న చిక్కుంది. తిరుగు టికెట్ ఏ రోజుకి కొనాలి? నాలుగో రోజు రాత్రికి కొని కట్ తప్పితే మార్పు రుసుము కట్టాలి, లేదా ఆ రెండు రోజులు గది అద్దె భరిస్తూ ప్రాక్టీసు చేసుకోవాలి. రెండో రోజుకే కొంటే కట్ దాటినప్పుడు ఆ టికెట్టు దండగ. పైగా ముందే ఓటమి ఒప్పుకున్నట్టుంటుందని చాలామంది కుర్రాళ్లు అలా కొనరు. పొద్దున బ్యాచ్‌లో ఆడినవాడు మధ్యాహ్నం రెండింటికల్లా తన స్కోరు ఇచ్చేసి, ఫోన్లో లీడర్‌బోర్డు చూస్తూ కూర్చుంటాడు. మధ్యాహ్నం గాలి లేస్తే మిగతావాళ్ల స్కోర్లు పెరిగి కట్ లైన్ ఒక స్ట్రోకు పెరుగుతుంది, తను లోపలికి వస్తాడు. గాలి లేవకపోతే బయటే. సాయంత్రం దాకా అలా చూస్తూ ఉండటమే. గదిలో ఉన్న ఇద్దరిలో ఒకడు కట్ దాటి, ఇంకొకడు తప్పితే అద్దె సర్దుబాటు మళ్లీ మొదటికొస్తుంది.

మరి ఆ ఒక్క స్ట్రోకు ఎక్కడి నుంచి వస్తుంది? కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ అమెరికా పీజీఏ టూర్‌లో లక్షలాది షాట్లను కొలిచి లెక్కలు తీశారు. మూడడుగుల పుట్‌ను ప్రొఫెషనల్ నూటికి 96 సార్లు వేస్తాడు. ఎనిమిది అడుగుల నుంచి మాత్రం సగం సార్లే. టీవీలో చూసే మనకు ఎనిమిది అడుగుల పుట్ తప్పితే అయ్యో అనిపిస్తుంది గానీ, ప్రపంచంలో మేటి ఆటగాళ్లకే అది బొమ్మా బొరుసూ. ఆయన తేల్చిన ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రుల ఊహకు భిన్నంగా ఉంటుంది. ఆటగాళ్ల మధ్య స్కోరు తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు 100 గజాలకు అవతలి నుంచి కొట్టే షాట్ల వల్ల వస్తుంది. సాయంత్రాలు పుటింగ్ గ్రీన్ మీద గంటలు గడపడం మంచిదే, కానీ రేంజ్‌లో ఐరన్ క్లబ్బులతో గడిపే గంటలే కార్డు తెస్తాయి.

బెంగళూరు పిల్లలకు ప్రత్యేకంగా ఇంకో లెక్క. ఈ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పలచన, బంతి మూడు నాలుగు శాతం ఎక్కువ దూరం పోతుంది. ఇక్కడ 155 గజాలు పోయే షాట్, ఎత్తు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే, విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ కోర్సులో 150 గజాలే పోతుంది. రెండు క్లబ్బుల మధ్య తేడా పది గజాల దాకా ఉంటుంది గనక ఇది సగం క్లబ్బు. దానికి తోడు అక్కడ సముద్రపు గాలి. ఒక రోజు ముందు వెళ్లి తన దూరాలు మళ్లీ కొలుచుకోవడానికే ప్రాక్టీసు రౌండ్. ఖర్చు తగ్గిద్దామని ఆ రోజు ఎగ్గొడితే కట్ దగ్గర పోయేది ఎక్కువ.

ఇదంతా జీతం వచ్చే నాన్న ఉన్న ఇంటి లెక్క. బెంగళూరు గోల్ఫ్‌లో ఇంకో వరుస కూడా ఉంది: కేడీలుగా బ్యాగులు మోస్తూ ఆట నేర్చుకున్నవాళ్లు. సి. మునియప్ప అలా వచ్చినవాడే. 2009లో ఇండియన్ ఓపెన్‌ను ప్లేఆఫ్‌లో గెలిచాడు. బిడది దగ్గర ఈగల్టన్ కోర్సు పక్క ఊరి నుంచి వచ్చిన ఎస్. చిక్కరంగప్పదీ ఇంచుమించు అదే దారి. కోచ్ విజయ్ దివేచా కంట పడి ప్రొఫెషనల్ అయ్యాడు. వీళ్ల ఆట చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది, దానితోపాటు ఒక బాధ కూడా. వరుసగా నాలుగు కట్‌లు తప్పే ఆ 68 శాతం వీళ్ల ఇళ్లకూ వర్తిస్తుంది. భరించే శక్తి మాత్రం ఒకేలా ఉండదు. మునియప్పతో పాటు బ్యాగులు మోసి, అంతే బాగా కొట్టి, నాలుగు వారాలకు డబ్బు లేక ఆగిపోయినవాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు.

మన తెలుగువాళ్లు బయటి దేశాల్లో నడిచిన దారీ చూడాలి. హైదరాబాద్ నుంచి వెళ్లిన మురళీధర్, కరుణ దంపతుల కొడుకు సాహిత్ తీగల 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. పెపర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో ఉన్న పెద్ద పురస్కారాలు మూడూ గెలిచాడు. ప్రొఫెషనల్ అయిన ఏడాది కోవిడ్ వచ్చి, పీజీఏ టూర్‌కు కింది మెట్టయిన కార్న్ ఫెర్రీ టూర్‌కు క్వాలిఫయింగ్ స్కూలే జరగలేదు. కార్డు లేదు. సభ్యత్వం లేనివాడికి నిర్వాహకులు పిలిచి ఇచ్చే అవకాశాలు సీజన్‌కు ఏడుకు మించవు. ఆ కొద్ది వారాల్లో తెచ్చుకున్న పాయింట్లతో కార్న్ ఫెర్రీ టూర్ ఫైనల్స్‌లో చోటు దక్కించుకుని, అక్కడ బాగా ఆడి 2021లో పీజీఏ టూర్ కార్డు సంపాదించాడు. 2023 సెప్టెంబరులో నాపాలో మొదటి టైటిల్ గెలిచాడు.

2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో సాహిత్ చేసింది చెప్పకుండా ఉండలేను. మూడో రౌండ్‌లో బంకర్‌లో షాట్ కొట్టేటప్పుడు క్లబ్బు వెనక్కి తీస్తుండగా కాస్త ఇసుక తగిలిందని అనిపించింది. ఎవరూ అడగలేదు. తనే అధికారిని పిలిచి చెప్పి రెండు స్ట్రోకుల జరిమానా వేయించుకున్నాడు. చివరికి పార్‌కు 24 అండర్‌తో మూడో స్థానం, 75 లక్షల డాలర్లు. రెండో స్థానంలో నిలిచిన కొలిన్ మొరికావా 26 అండర్, 125 లక్షల డాలర్లు. ఆ రెండు స్ట్రోకులు లేకపోతే ఇద్దరూ సమానం, రెండు, మూడు స్థానాల డబ్బు కలిపి చెరో కోటి డాలర్లు. నిజం చెప్పినందుకు పోయింది 25 లక్షల డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 21 కోట్ల రూపాయలు. కాగితం మీద అది నష్టమే. ఆ కుర్రాడిని చూసి తెలుగువాడిగా నేను గర్వపడ్డాను.

బెంగళూరులోనే ఆట పదును పెట్టుకున్న అనిర్బన్ లాహిరి కథలో స్ట్రోకు ధర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2022 మార్చిలో ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌కి వచ్చేసరికి అతని ప్రపంచ ర్యాంకు 322. ఒకే ఒక్క స్ట్రోకు తేడాతో రెండో స్థానం. గెలిచిన కామెరాన్ స్మిత్‌కు 36 లక్షల డాలర్లు, లాహిరికి 21.8 లక్షలు. ఆ రెండో స్థానమే అతని ఏళ్ల ప్రయాణ ఖర్చంతా ఒక్క వారంలో తిరిగి ఇచ్చింది.

మూడో పేరు మన ఇళ్లలో ఇంకా అంతగా వినపడదు. సుదర్శన్ ఎల్లమరాజు 2001లో విశాఖపట్నంలో పుట్టి, చిన్నప్పుడే అమ్మానాన్నలతో కెనడా వెళ్లాడు. యూట్యూబ్ వీడియోలు చూసి స్వింగ్ నేర్చుకున్నాడు. అమెరికా కాలేజీ గోల్ఫ్ దారి పట్టకుండా నేరుగా ప్రొఫెషనల్ అయ్యాడు. 2025 జనవరిలో బహామాస్‌లో కార్న్ ఫెర్రీ టూర్ టోర్నీ గెలిచాడు. 10 లక్షల డాలర్ల మొత్తంలో 18 శాతం విజేతది, అంటే 1,80,000 డాలర్లు, రూపాయల్లో కోటిన్నర పైమాటే. ఆ సీజన్ ముగిసేసరికి 2026కి పీజీఏ టూర్ కార్డు చేతికొచ్చింది. అదే ఏడాది ఆ టూరు కింది మెట్టు నుంచి ఇచ్చే కార్డులను 30 నుంచి 20కి, తన పూర్తి స్థాయి కార్డులను 125 నుంచి 100కి కుదించింది. దారి ఇరుకైన ఏడాదే అతను లోపలికి వచ్చాడు.

కోర్సులు, గ్రీన్‌లు ఒక పక్కన ఉంచితే, ఆ టూర్ల నుంచి మనం తెచ్చుకోవలసింది ఒకటుంది. పీజీఏ టూర్ 2023 నుంచి పూర్తి స్థాయి సభ్యులకు ఏడాదికి 5 లక్షల డాలర్ల కనీస ఆదాయానికి హామీ ఇస్తోంది. ఆ స్థాయి లేని సభ్యులకు కట్ తప్పిన వారానికి ప్రయాణ ఖర్చు కింద 5,000 డాలర్లు పెట్టింది. యూరప్‌లోని డీపీ వరల్డ్ టూర్ కనీస హామీ 1,50,000 డాలర్లు. మన దగ్గర ప్రభుత్వ టాప్స్ పథకంలో ఎంపికైన ఒలింపిక్ స్థాయి క్రీడాకారులకు నెలకు 50,000 అందుతుంది. ఆ స్థాయికి చేరని కుర్రాడికి కట్ తప్పిన వారం ఏమీ లేదు.

ఇది మార్చడం పెద్ద పని కాదు. కట్ తప్పిన 70 మందికి తలా 10,000 ఇస్తే టోర్నీకి అయ్యేది 7 లక్షలు. స్పాన్సరు కోటి బదులు కోటీ ఏడు లక్షలు పెడితే విజేత 15 లక్షల్లో ఒక్క రూపాయి తగ్గదు. పై అంచనాలో ఆరు రాత్రుల బసకు వేసుకున్నది 9,000. ఆ వారం గది ఖర్చయినా కుర్రాడి మీద పడదు. 20 టోర్నీల్లో 12 కట్‌లు తప్పినవాడి చేతికి ఏడాదిలో 1.2 లక్షలు వస్తాయి. అది ఇంకో రెండు టోర్నీల ఖర్చు, పైన ఇరవై వేలు.